ఎవరి ఆకు వాళ్లే: కొల్లేటికోటలో నేను గీసిన భోజనాల చోటు



కొంచెం పెద్ద పోస్టు, తీరిక చేసుకుని చదవండి. కార్తీక మాసం వస్తోంది, ఈసారి మన విద్యార్థులం కూడా వనభోజనాలు పెట్టుకుందాం అని అన్నలు అంటున్నారు. చోటు ఎక్కడ, వంట ఎవరు, మనిషికి ఎంత అనే లెక్కలు నడుస్తున్నాయి. వాటితో పాటు ఇంకో సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఎలా కూర్చుందాం, తిన్నాక ఆకు ఎవరు ఎత్తాలి అని.

నేను ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. యానాది పిల్లోణ్ణి. మాది కైకలూరు పక్కన చేపల చెరువుల మధ్య ఉన్న చిన్న కాలనీ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాం. ఈ ఏడాది మాకు డిజైన్ క్లాసులో ఇచ్చిన పని ఇది: అడవి ప్రాంతంలో పదిమంది ఆరుబయట కలిసి భోంచేసే చోటు. స్థలం ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు.

క్లాసులో సగం మంది మారేడుమిల్లి తీసుకున్నారు, మిగతావాళ్లు అరకు, లంబసింగి. అందరి బొమ్మల్లోనూ వెదురు గుడిసెలు, చెక్క బల్లలు, చెట్లకి వేలాడే లాంతర్లు. నేను కొల్లేటికోట అని రాసిచ్చాను. మా సార్ కాగితం చూసి, "అక్కడ అడవి ఏదయ్యా? కనుచూపు మేరలో చెట్టే ఉండదుగా" అన్నారు.

చూపుకి ఆ మాట నిజమే. కొల్లేటికోటలో నిలబడితే చుట్టూ నీళ్లు, గట్లు, ఆకాశం. అయినా 1999 అక్టోబరు 4న వచ్చిన జీవో 120 ప్రకారం కొల్లేరు అయిదో కాంటూరు దాకా వన్యప్రాణుల అభయారణ్యం. 308 చదరపు కిలోమీటర్లు, అంటే 77 వేల ఎకరాల పైమాట. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడ గట్టు వెయ్యాలన్నా మట్టి తియ్యాలన్నా ఫారెస్టోళ్లని అడగాలి. "ఇది నీళ్ల అడవి సార్. తుంగ, జమ్ము, కిక్కిస, వీటి మీద బతికే పిట్టలు. చెట్లు లేవు గానీ అడవికి ఉండే రూల్సన్నీ ఉన్నాయి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు.

మా యానాదులకి అడవీ నీళ్లూ వేర్వేరు కావు. శ్రీహరికోట సంగతి మీకు తెలిసే ఉంటుంది. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ దీవి అడవిలో మావాళ్లు తేనె, దుంపలు, కట్టెలు, చేపల మీద బతికారు. 1969లో రాకెట్ల కోసం ఆ దీవిని ఎంచుకున్నాక అక్కణ్ణించి కదలాల్సొచ్చింది. అదీ సరస్సు మధ్య కోటే, ఇదీ సరస్సు మధ్య కోటే. రెండుచోట్లా గూడబాతులు వాలతాయి. కొల్లేరు చుట్టుపక్కల మావాళ్లు ఎక్కువగా చేపల చెరువుల కాపలా పన్లో ఉంటారు. 2006లో ప్రభుత్వం సరస్సులోని చెరువు గట్లు పేల్చినప్పుడు మా అయ్య కాపలా కాసే చెరువు కూడా పోయింది. చెరువు ఎవరిదైనా, గట్టు మీద గుడిసెలో కాపురం మాది. అందుకే స్థలం ఎంచుకోమంటే నాకు మారేడుమిల్లి గుర్తుకు రాలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. కొల్లేటికోటలో ఆరుబయట భోజనం కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. పెద్దింట్లమ్మ తల్లి జాతర ఫాల్గుణంలో జరుగుతుంది. లంక ఊళ్ల నుంచీ, ఏలూరు, భీమవరం, గుడివాడ వైపు నుంచీ జనం వస్తారు. మొక్కు తీర్చుకుని, దొరికిన చోట మూడు ఇటుకలు పెట్టి, పొంగలో కోడికూరో వండుకుని అక్కడే తింటారు. ఎండ నెత్తి మీదే. గాలి ఎటు తిరిగితే పొగ అటు. ఈకలు, పేగులు నీళ్ల పక్కన. తిన్న ప్లేట్లు గాలికి లేచి కాలవలో. చుట్టూ నీళ్లున్నా తాగడానికి మాత్రం టిన్నులు కొనుక్కోవాలి. వేల మంది తినే చోటే గానీ, తినడానికని ఎవరూ ఆలోచించి పెట్టిన చోటు కాదు.

కొలతలు తీసుకోవడానికి వెళ్లే ముందు మా అమ్మని అడిగాను, "భోజనాల చోటు అంటే ఏమేం ఉండాలమ్మా?" అని. ఆవిడ చదువుకోలేదు, కానీ భోజనాల చోట్లు ఆవిడకి తెలిసినంతగా నాకు తెలిసిన ఏ ఆర్కిటెక్టుకీ తెలియదు. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ చుట్టుపక్కల పెళ్లిళ్లలో, సంతర్పణల్లో ఎంగిలి విస్తళ్లు ఎత్తేది. బంతి లేచేదాకా పందిరి వెనక, పొయ్యిల అవతల నిలబడాలి. లేచాక వెళ్లి ఆకులు ఎత్తాలి, నేల ఊడవాలి, మళ్లీ వెనక్కొచ్చి నిలబడాలి. ఆఖరి బంతి కూడా అయ్యాక మిగిలింది గిన్నెలో పెట్టేవాళ్లు. కూర్చుని తినమని ఎవరూ అనలేదు. నేనూ చిన్నప్పుడు ఆ వెనకవైపు ఆవిడ చీర పట్టుకుని నిలబడినవాణ్ణే. పందిరికి ముందువైపు ఎలా ఉంటుందో నాకు చాలా ఏళ్లు తెలియదు.

అమ్మ చెప్పిన జాబితా ఇది: "నీడ. నీళ్లు. పొగ రాకూడదు. ఆకులు వేసే గొయ్యి దగ్గర్లో ఉండాలి. దూరంగా ఉంటే మోసే వాళ్ల నడుము పోద్ది."

ఆ చివరి మాట దగ్గర నా డిజైన్ మొదలైంది. గొయ్యి ఎక్కడుండాలి అనే దానికన్నా ముందు, మోసేది ఎవరు అని తేల్చాలి కదా.

మా క్లాసు బొమ్మల్లో ఎక్కడా ఆ మోసే మనిషి లేడు. మారేడుమిల్లి బొమ్మల్లో బల్లలున్నాయి, బల్లల మీద బొంగులో చికెన్ ఉంది. అది మన కొండరెడ్ల వంట. పచ్చి వెదురు బొంగులో కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల్లో కాలుస్తారు. ఇవాళ ఆ దారిలో వెళ్లే ప్రతి కారూ దానికోసం ఆగుతుంది. కానీ ఆ బొమ్మల్లో కాల్చే మనిషి ఒక మూల పొగలో, తినేవాళ్లు ఇంకో మూల లాంతర్ల కింద. మన వంట పైకొచ్చింది, మన మనిషి మాత్రం పందిరి వెనకే ఉన్నాడు. అడవిలో భోజనం అని గీస్తే ముందు చూడాల్సింది అడవి వాళ్లు ఎక్కడ కూర్చున్నారు అనేది. నాకైతే అంతే.

మన జిల్లాలోనే బుట్టాయగూడెం అడవిలో గుబ్బల మంగమ్మ తల్లి గుడికి ఒక కోయ స్నేహితుడితో వెళ్లాను. అక్కడా జనం వాగు పక్కన చెట్ల కింద వండుకుంటారు. అక్కడ ఒకటి గమనించాను. నల్లగా మాడిన మూడు రాళ్లు చెట్టు కింద అలాగే ఉంటాయి. ఒక కుటుంబం వండుకుని వెళ్తే ఇంకో కుటుంబం వచ్చి అదే రాళ్ల మీద గిన్నె పెడుతుంది. ఆ రాళ్లకి పేరు లేదు, కులం లేదు. ముందు ఎవరు వండారని కూడా ఎవరూ అడగరు. పొయ్యి దగ్గర ఇంత తేలిగ్గా కుదిరిపోయేది విస్తరి దగ్గరికొచ్చేసరికి ఎందుకు కుదరదు?

ఇక నేను గీసింది చెప్తాను.

మొదటిది నేల. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాలవల నీళ్లొస్తాయి. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు కూడా చివరికి ఇటే వచ్చాయి. కాబట్టి సరస్సు నేలలో సిమెంటు హాలు అనే మాటే వద్దు. రూల్సూ ఒప్పుకోవు, నీళ్లూ ఒప్పుకోవు. ఇప్పటికే మెరక చేసి ఉన్న చోటే వాడుకోవాలి. జాతర ఫాల్గుణంలో, వరద వానాకాలంలో. అందుకని జాతరకి ముందు వేసుకుని వానలకి ముందు విప్పేసుకునేలా పెట్టాను. తాటి స్తంభాలు, వెదురు వాసాలు, పైన తాటాకు, ఎండ తగిలే వైపు కిక్కిస తడికలు. మా కాలనీలో ఏ గుడిసెకైనా ఇవే. పాత ఆకు నేలలో కలుస్తుంది, కొత్త ఆకు వేసుకుంటాం.

రెండోది నిప్పు. అభయారణ్యంలో నిప్పుకి చట్టంలోనే జాగ్రత్తలున్నాయి. ఎవరికి వాళ్లు తలో చోట పొయ్యి పెట్టకుండా, ఒకే వరసలో గాడిపొయ్యిలు తవ్వాను. నేలలోకి రెండడుగుల లోతు, అంచులకి ఇటుక. మంట గాలికి ఎగరదు, కట్టె కూడా తక్కువ పడుతుంది. ఫాల్గుణంలో మధ్యాహ్నం దాటాక గాలి దక్షిణం వైపు నుంచి, సముద్రం మీంచి వస్తుంది. అందుకని పొయ్యిలు ఉత్తరాన, భోజనాలు దక్షిణాన. పొగ జనం మీదికి రాదు. గుబ్బల మంగమ్మ దగ్గర రాళ్ల లాగే ఈ పొయ్యిలు కూడా ఎవరివీ కావు. ఖాళీగా ఉన్నదాని మీద ఎవరైనా గిన్నె పెట్టొచ్చు.

మూడోది కూర్చోవడం. మనకి తెలిసింది బంతి, వరసగా ఎదురెదురుగా. బంతిలో మొదలు ఉంటుంది, చివర ఉంటుంది. మొదట ఎవరు కూర్చుంటారో, చివర ఎవరు కూర్చుంటారో చెప్పక్కర్లేదు. కూరలో ముక్కలు ఎక్కడ అయిపోతాయో కూడా చెప్పక్కర్లేదు. గదులు, అడ్డగోడలు పెడితే ఇక సరే, గదికో కులం చేరుతుంది. అందుకని వరసని గుండ్రంగా తిప్పాను. మఠం వేసుకుని కూర్చున్న మనిషికి రెండడుగులు కావాలి. 50 మందికి 100 అడుగులు. మధ్య నుంచి అంచుకి 17 అడుగులు ఉండేలా వలయం గీస్తే చుట్టుకొలత 107 అడుగులు వస్తుంది. 100 అడుగుల్లో మనుషులు, మిగిలిన ఏడడుగుల్లో రెండు దార్లు. ఒకటి పొయ్యిల వైపు వడ్డించేవాళ్లకి మూడడుగులు, రెండోది భోంచేసినవాళ్లు బయటికి వెళ్లడానికి నాలుగడుగులు. వడ్డించేవాళ్లు లోపల తిరుగుతారు. కప్పు కూడా వలయంలాగే, కూర్చున్నవాళ్ల మీద మాత్రమే. మధ్యలో ఆకాశం. గుండ్రంగా కూర్చుంటే అందరికీ అందరి మొహాలూ కనిపిస్తాయి. ఎవరి విస్తట్లో ఏముందో కూడా కనిపిస్తుంది. వడ్డించే చెయ్యి ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉండటం కుదరదు.

వలయం వెనక చుట్టూతా అడుగున్నర ఎత్తు మట్టి అరుగు. మోకాళ్లు వంగని పెద్దవాళ్లు దాని మీద కూర్చుని, ముందు పీట వేసుకుని తింటారు. మిగతావాళ్లకి అది వీపు ఆనించుకోవడానికి. అరుగు అంతటా ఉంది కాబట్టి ఫలానా వాళ్లదే ఎత్తు పీట అనేది ఉండదు. వరదకి కరిగినా ఏటా మెత్తుకోవచ్చు.

నాలుగోది ఆకు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా జాతరలో కనపడుతూనే ఉంటాయి. మన ఏజెన్సీలో ఆడవాళ్లు ఈనెలతో కుట్టే అడ్డాకు విస్తర్లు ఉన్నాయి. 1956 నుంచి ఉన్న మన గిరిజన సహకార సంస్థ అడ్డాకు కొంటుంది. ఆ ఆకు కొల్లేటికోటకి రావడం అంటే కొండ మీద చెల్లి కష్టానికి నాలుగు రూపాయలు. పైగా కొల్లేటి నేల మీద తామరాకులో తినడం కూడా పాత అలవాటే.

అయిదోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, గొయ్యి. బయటికి వెళ్లే నాలుగడుగుల దారిలో ముందు ఆకుల గొయ్యి వస్తుంది, ఆ తర్వాతే చేతులు కడుక్కునే తొట్టి. గొయ్యి దాటకుండా నీళ్ల దగ్గరికి పోవడానికి దారి లేదు. అరుగు దాటి పోవచ్చు కదా అంటే పోవచ్చు, కానీ ఎంగిలి చేత్తో అరుగు ఎక్కి దూకే వాళ్లు తక్కువ. దారి ఎటుంటే కాళ్లు అటే పోతాయి. చెయ్యి ఎలాగూ కడుక్కోవాలి, పోతూ పోతూ ఆకు తీసుకుపోవాలి, అంతే. బోర్డు లేదు, అరుపు లేదు. తొట్టి అందరికీ ఒకటే. పిల్లలకి అందేలా రెండు కుళాయిలు కిందికి. ఆ నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతాయి, సరస్సులోకి కాదు. ఈకలకీ పేగులకీ పొయ్యిల వెనక మూత ఉన్న వేరే గొయ్యి. ఆకుల గొయ్యి నిండితే మట్టి కప్పి పక్కన ఇంకోటి తవ్వుకోవడమే.

జ్యూరీలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు అడిగారు: "అతిథి తన ఆకు తనే ఎత్తితే అన్నం పెట్టినవాడి పుణ్యం పోతుందంటారు కదమ్మా, జనం ఒప్పుకుంటారా?" నేను అన్నాను: "ఆకు ఎత్తితే పుణ్యం వస్తుందనే కదండీ ఆ మాటకి అర్థం. ఆ లెక్కన మా అమ్మకి ఈపాటికి పుట్లకొద్దీ పుణ్యం ఉండాలి. ఇకనుంచి అందరికీ తలా కొంచెం పంచుదామని." ఆయన నవ్వారు. తర్వాత ఇంకోటి అడిగారు. "జాతరకి వేల మంది వస్తారు, మీ వలయంలో 50 మందే. అంతా కలిసి కూర్చుంటారని నమ్మకం ఏంటి?" వలయాలు పది వేసుకోవచ్చు, అది పెద్ద సమస్య కాదు. రెండో దానికి నేను చెప్పింది ఇదే: నమ్మకం లేదండీ. కలిసి కూర్చోబెట్టడం బొమ్మ వల్ల కాదు. కానీ విడిగా కూర్చోవడానికి గోడలు నేను కట్టివ్వను.

ఈ ఆలోచన నేను కనిపెట్టిందేం కాదు. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ వేర్వేరు కులాలవాళ్లని కలిపి మిశ్రభోజనం పెట్టినందుకు సొంతవాళ్లే వెలివేశారు. మన దగ్గర గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి సహపంక్తి భోజనాలు నడిపారు. ముదునూరు మా కైకలూరుకి మరీ దూరం కూడా కాదు. ఇన్నేళ్ల తర్వాత ఏం జరుగుతోంది? కార్తీకం వస్తే మామిడి తోటల్లో కులానికో వనభోజనం, కులానికో ఫ్లెక్సీ. ఉసిరి చెట్టు కింద కూర్చోవడం అనే మంచి అలవాటు కాస్తా, ఎవరు మనవాళ్లో లెక్కపెట్టుకునే రోజు అయ్యింది.

అందుకే మన వనభోజనాల గురించి అడుగుతున్నా. మనలో కోయ, కొండరెడ్డి, లంబాడీ, ఎరుకల, యానాది, చెంచు అందరం ఉన్నాం. మనలోనూ కొండ మీదివాళ్లు, మైదానంవాళ్లు అని గుంపులు గుంపులుగా కూర్చోవడం నేను చూశాను. హాస్టల్లో ఎరుకల పిల్లోడి పక్కన కంచం పెట్టుకోవడానికి వెనకాడిన మన పిల్లల్ని కూడా చూశాను. ఎవర్నీ తప్పు పట్టడానికి కాదు చెప్పేది. పందిరికి వెనకవైపు ఏంటో తెలిసినవాళ్లం మనం. మన పందిరికి ఆ వెనకవైపు ఉండకూడదు కదా.

మోడల్ తయారయ్యాక ఇంటికి పట్టుకెళ్లాను. అట్టముక్కల వలయం, చీపురు పుల్లల స్తంభాలు. అమ్మ చుట్టూ తిరిగి చూసింది. పొయ్యిలు చూసింది, గొయ్యి చూసి బాగుందంది. తర్వాత అడిగింది: "మరి బంతి లేచేదాకా మనం ఎక్కడ నిలబడాలిరా?"

"నిలబడక్కర్లేదమ్మా, కూర్చోవడమే" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. మోడల్‌ని ఇంకోసారి చుట్టూ తిప్పి చూసి, "దీనికి వెనకవైపు ఏదిరా?" అంది. లేదన్నాను. "మరి చెప్పవేంటి" అని లోపలికెళ్లిపోయింది. మార్కులు ఎన్నొచ్చాయని కూడా అడగలేదు.

కొల్లేటికోటలో ఇది ఎవరైనా కడతారో లేదో నా చేతిలో లేదు. మన వనభోజనాల్లో మాత్రం రేపే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేకుండా. ఒక గునపం నేలలో పాతండి. దానికి 17 అడుగుల తాడు కట్టి, రెండో కొసన సున్నం పట్టుకుని చుట్టూ నడవండి. 50 మందికి చోటు వస్తుంది. ఇంకా ఎక్కువ మంది ఉంటే ఇంకో గునపం. పొయ్యి గాలి పోయే వైపు పెట్టండి. ఒక్క దారి వదిలి, ఆ దారిలో ముందు గొయ్యి, తర్వాత నీళ్ల డ్రమ్ము. విస్తర్లు బజార్లో ప్లేట్లు కొనకుండా, ఏజెన్సీ నుంచి వచ్చే చెల్లెళ్లకి ముందే డబ్బులిచ్చి కుట్టించుకుందాం. వడ్డన వంతులవారీగా, సీనియర్లు ముందు.

భూమి పండగకీ, కొత్త పండగకీ మీ ఊళ్లలో ఎలా కూర్చుంటారో, ఎవరు వడ్డిస్తారో కింద రాయండి. ముఖ్యంగా కోయ, కొండరెడ్డి అన్నలు, అక్కలు. మీకు తరాలుగా తెలిసింది నేను కాగితం మీద ఇప్పుడు నేర్చుకుంటున్నా. తాడు నేను తెస్తాను.